సేనకు ఐదవ అంగం

చతురంగబలాలు అనే మాట పురాణేతిహాసాలు చదివిన ప్రతివారికీ పరిచితమే. రథాలు, గజాలు, తురగాలు, పదాతులు సమృద్ధిగా గల రాజు బలవంతుడనీ, వీటిలో ఏ ఒక్కటి కొరవడినా ఆ సేన కుంటిదనీ మన పూర్వులు భావించారు. కాలం మారింది. ఏనుగు దేవాలయాల ఉత్సవాలకు, గుర్రం కవాతులకు మిగిలిపోయాయి. రథమున్న చోటికి యుద్ధశకటం వచ్చింది. విల్లున్న చోటికి క్షిపణి వచ్చింది. ఈ మార్పును అందరూ గుర్తించారు. అంతగా గుర్తించనిది మరొకటి ఉన్నది. ఈ నాలుగు అంగాలకూ ప్రాణం పోసే ఐదవ అంగం నేటి సేనకు ఏర్పడింది. అది శాస్త్ర పరిశోధన.

ఈ ఐదవ అంగానికి విచిత్రమైన లక్షణం ఒకటి ఉన్నది. తక్కిన నాలుగూ దండు విడిదిలో కంటికి కనబడతాయి. ఇది దండులో పుట్టదు, దండులో పెరగదు. గనిలో, కొలిమిలో, వైద్యశాలలో, పొలంలో, వీటన్నిటికంటె ముందు బడిలో పుడుతుంది. పుట్టిన నాడు దానికి సేన అనే ఊహ అయినా ఉండదు. క్షిపణి ఎగిరిన దినాన కరతాళధ్వనులు చేసే జాతి, ఆ క్షిపణికి బీజం పడిన బడిని మరచిపోతే, పునాది పెళ్లగించి శిఖరానికి సున్నం వేసినట్లే అవుతుంది. ఉపాధ్యాయులూ, విద్యార్థులూ ముఖ్యంగా ఆలోచించవలసిన విషయమిది.

కారేపల్లిలో కనబడే సేన

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవుల వైపు నేల ఎగుడుదిగుడుగా మారే చోట కారేపల్లి ఉన్నది. డోర్నకలు నుంచి వచ్చే రైలుదారి ఇక్కడ రెండుగా చీలి, ఒకటి ఇల్లందుకు, మరొకటి కొత్తగూడేనికి పోతుంది. చుట్టూ లంబాడీ తండాలు, ఇంకా లోనికి పోతే కోయగూడేలు. పత్తి, మిరప, వరి చేలు. ఇక్కడ దండు విడిది లేదు, ఫిరంగి లేదు, విమానాశ్రయం లేదు. ఈ ఊరి బడిలో చదివే బాలునితో ఆధునిక సేనను గురించి మాట్లాడితే, అదేదో దూరదేశపు కథ అనుకోవచ్చు. కాని ఆ బాలుడు నిత్యం చూచే వస్తువులలో అయిదింటిని ఎంచుకుంటే చాలు: నేలబొగ్గు, ఇనుపరాయి, దోమ, యూరియా, రైలుపెట్టె. ఆధునిక సేనను మోసే శాస్త్రాలలో చాలా భాగం ఈ అయిదింటిలోనే ఇమిడి ఉన్నది.

మొదట నేలబొగ్గు సంగతి. కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలానికి సింగరేణి అని పేరు. ఆ సింగరేణి గ్రామం పేరే నేడు గోదావరి లోయ పొడవునా విస్తరించిన బొగ్గుగనుల సంస్థకు నిలిచిపోయింది. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు సమీపంలో నేలబొగ్గు ఉనికిని కనుగొన్నాడు. ఆయన చేసిన పని ఏమిటి? కాలినడకన తిరిగి, వాగుల ఒడ్డున బయటపడిన రాళ్ల పొరలను పరీక్షించి, ఏ పొర క్రింద ఏ పొర ఉంటుందో ఊహించి, పటం గీయడం. అది శాంతమైన విద్య. అయినా ఆ విద్య వెనుక దండు నీడ లేకపోలేదు. ఈ దేశానికి రైలుదారులు ఎందుకు కావలెనో వివరిస్తూ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ వ్రాసిన లేఖలో, సైన్యాలను వేగంగా తరలించవచ్చుననే మాటకు ప్రముఖ స్థానమున్నది. రైలుకు బొగ్గు కావలెను. బొగ్గుకు భూగర్భ శాస్త్రం కావలెను. నేడు బొగ్గుతో నడిచే రైలు లేదు. కాని హిమాలయాలలో సొరంగం త్రవ్వినా, ఎడారిలో దళానికి మంచినీటి ఊట వెదకినా, మంచు చరియ ఎప్పుడు జారుతుందో లెక్క కట్టినా, ఆధారం మాత్రం నేల పొరలను, కొండల వాలులను కనిపెట్టి చూచిన నాటి ఓర్పే.

మూస నుంచి కవచం దాకా

రెండవది ఇనుపరాయి. కారేపల్లికి చేరువలోనే ఉన్న బయ్యారం ప్రాంతపు కొండలలో ఇనుపరాయి ఉన్న సంగతి అందరూ ఎరిగినదే. తెలంగాణకు ఇనుముతో చుట్టరికం నేటిది కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టి మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుగోలు చేయడానికి పారశీక దేశపు వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ ఖడ్గమని లోకం పొగడిన కత్తికి ముడిసరుకు ఇటువంటి దక్షిణదేశపు మూసలలోనే తయారైనది. ఆ ఉక్కు రహస్యమేమిటో తెలుసుకోవడానికి 1820 ప్రాంతంలో ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు ప్రయోగాలు చేశాడు. నూటికి సుమారు ఒకటిన్నర పాలు కర్బనం కలిసి, నెమ్మదిగా చల్లారడంలో ఆ లోహానికి అటు కాఠిన్యం, ఇటు నీటి అలలవంటి నిగనిగ లభించాయి. మన కమ్మరికి కర్బనమనే పేరు తెలియదు. కాని మూసలో ఏ ఆకు, ఏ కట్టె వేయవలెనో తెలుసును. అయితే ఆ తెలివి చేతి నుంచి చేతికే సాగింది కాని పుస్తకంలోకి రాలేదు. బడిలోకి అసలే రాలేదు. విదేశపు చౌక ఉక్కు ఓడలలో దిగిన నాడు కొలిమి ఆరింది. దానితోపాటు ఆ తెలివి కూడా ఆరిపోయింది.

ఆ కొలిమి మళ్లీ వెలిగినది హైదరాబాదులో. 1963లో అక్కడ రక్షణ లోహ పరిశోధనశాల ఏర్పడింది. 1973లో మిశ్రధాతు నిగమం, అనగా మిధాని, స్థాపితమైనది. అర్జున్ యుద్ధశకటానికి తొడిగిన ‘కాంచన్’ కవచం ఈ పరిశోధనశాలలో రూపొందినదే. ఆ పేరు కంచన్‌బాగ్ అనే పేటనుంచి వచ్చింది. ఉక్కు పలకల నడుమ పింగాణి జాతికి చెందిన కఠిన పదార్థాలను పొరలుగా అమర్చడం దాని సూత్రం. రాకెట్టు మోటారు తొడుగులకు వాడే మారేజింగ్ ఉక్కు మరొక వింత. ప్రాచీనుల ఉక్కుకు బలమిచ్చినది కర్బనం. ఇందులో కర్బనాన్ని వీలైనంతవరకు తొలగించి, నూటికి 18 పాళ్ల నికెల్ చేర్చి, సుమారు 480 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే అణువుల అమరిక మారి లోహం దృఢమవుతుంది. కోనసముద్రపు కమ్మరికీ, కంచన్‌బాగ్ శాస్త్రజ్ఞునికీ జిజ్ఞాస ఒకటే. భేదమల్లా ఒకరు తెలిసినది వ్రాసిపెట్టగలిగారు, మరొకరు వ్రాయలేకపోయారు. చేతి విద్యకు అక్షరం తోడుకాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటె గొప్ప ఉదాహరణ తెలుగునాట లేదు.

దోమపై దండయాత్ర

మూడవది దోమ. సేనను గూర్చి మాట్లాడుతూ దోమను ప్రస్తావించడం కొందరికి పరిహాసంగా తోచవచ్చు. చరిత్ర తెలిసినవారికి అలా తోచదు. పూర్వకాలపు యుద్ధాలలో చాలవాటిలో శత్రువు చంపినవారికంటె జ్వరం కూల్చినవారే ఎక్కువ అనడం అతిశయోక్తి కాదు. 1879–80లో రంప ఫితూరీని అణచడానికి మన్యం చొచ్చిన ఆంగ్ల ప్రభుత్వ దళాలను అడవిజ్వరం పీడించింది. రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా రంగాన సేనను నడిపిన జనరల్ స్లిమ్, 1943లో గాయపడి వెనుకకు పంపబడిన ఒక్కొక్క సైనికునికి జబ్బుపడి పంపబడినవారు 120 మంది చొప్పున ఉన్నారని వ్రాసుకున్నాడు. ప్రతిదినం మలేరియా మాత్ర మ్రింగించడం దళనాయకుల బాధ్యత చేసి, ఉపేక్షించిన ముగ్గురిని పదవి నుంచి తొలగించాడు. ఆ సేన తరువాత గెలిచిందంటే అందులో మాత్రకు కూడా భాగమున్నది.

ఈ కథకు మూలం మన సికింద్రాబాదులోనే ఉన్నది. రొనాల్డ్ రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన సైనిక వైద్యుడు. మలేరియాను దోమ మోస్తున్నదనే ఊహను పట్టుకొని ఏండ్ల తరబడి దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచాడు. చెమటకు ఆ యంత్రపు మరలు తుప్పుపట్టాయి. గాలికి దోమలు చెదిరిపోతాయని పంకా కూడా వేసుకోలేదు. హుసేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టనిచ్చినందుకు దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొన్నాడు. 1897 ఆగస్టు 20న, ఆ రోగి రక్తం త్రాగిన మచ్చరెక్కల దోమ కడుపు గోడలో రాస్ వెదకుతున్న రోగబీజాలు కనబడ్డాయి. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. బహుమానం ఒకరికి దక్కినా, ఆ పరిశోధనకు రక్తమిచ్చిన పేదవాని పేరు కూడా చరిత్రలో నిలవడం న్యాయమే.

ఇటువంటిదే మరొక ఉదాహరణ బోదకాలు మందు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్ ద్వీపాలలో అమెరికా సైనికులకు వేల సంఖ్యలో ఈ వ్యాధి సోకడంతో, దానికి మందు వెదకవలసిన అగత్యం కలిగింది. లెడర్లీ పరిశోధనశాలలో ఆ అన్వేషణకు నాయకత్వం వహించినవాడు 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1947లో వెల్లడైన ఆ మందే హెట్రజాన్, డి.ఇ.సి. మాత్ర అని నేడు మన గ్రామాలలో ఇంటింటికీ పంచిపెట్టినది అదే. దూరద్వీపంలో ఒక సైనికుని కాలు వాచినందువలన పుట్టిన మందు తెలుగు రైతు కాలిని కాపాడింది. సుబ్బారావు 1948లో కన్నుమూశారు.

కవాతు చేయని బలం

లోహాన్నీ, దోమనూ కంటితో చూడవచ్చు. సేనను మోసే శాస్త్రాలలో కంటికి కనబడనివి కూడా ఉన్నాయి. సముద్రంలో ధ్వని తిన్నగా పోదు. పైనున్న వెచ్చని నీరు, క్రిందనున్న చల్లని నీరు కలిసే చోట వంగిపోతుంది. ఆ వంపు వెనుక నీడవంటి ప్రదేశం ఏర్పడుతుంది. జలాంతర్గామి అందులో దాగవచ్చు. కనుక బంగాళాఖాతపు నీటి వేడిమిని లోతులవారీగా కొలవడం రక్షణకు అవసరమైన విద్య. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన కాలంలో వాల్తేరులో సముద్రశాస్త్రానికి అంకురార్పణ జరిగింది. అదే విశాఖలో 1969లో నౌకాశాస్త్ర సాంకేతిక పరిశోధనశాల వెలసింది. విశ్వవిద్యాలయం ముందు, రక్షణ పరిశోధనశాల తరువాత. ఈ వరుసక్రమం గమనింపదగినది.

గణితం విషయంలో మరింత రమ్యమైన ఉదాహరణ ఉన్నది. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుని ఉద్యోగం కోరి కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ప్రయాణంలోనే గణాంక పరిశోధన సంస్థను చూచి, 1941లో అందులో చేరారు. 1945లో, ఇరవయ్యైదేండ్ల ప్రాయంలో, కొలతలో తప్పును ఎంతవరకు తగ్గించగలమో, ఏ హద్దు దాటి తగ్గించలేమో చెప్పే అసమానతను ప్రకటించారు. నేడు శత్రువిమానం దూరాన్ని రాడార్ ఎంత నిక్కచ్చిగా చెప్పగలదో నిర్ణయించే ఇంజనీర్లు ఆశ్రయించేది ఆ అసమానతనే. సైన్యం ఆయనను వద్దన్నది. ప్రపంచంలోని సైన్యాలు ఆయన గణితాన్ని వద్దనలేకపోయాయి. 2023లో, 102 ఏండ్ల వయసులో పరమపదించేవరకు ఆయన కీర్తి పెరుగుతూనే వచ్చింది.

ఒక ఆచార్యుని ప్రస్థానం

ఈ వాదానికి నిలువెత్తు సాక్ష్యంగా సూరి భగవంతం గారి జీవితాన్ని చెప్పవచ్చు. ఆయన 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ వద్ద శిష్యులుగా చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతికణానికి భ్రమణ లక్షణమున్నదని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. కాంతికణం తిరిగితే ఎవరికేమి లాభమని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే సమాధానం చెప్పడం కష్టమే. తరువాత ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులై, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు అధ్యక్షులై, 1961లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు పదవిని స్వీకరించారు. 1969 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఆ కాలం ఎటువంటిదో జ్ఞప్తికి తెచ్చుకోవలెను. రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థ 1958లో పది పరిశోధనశాలలతో ప్రారంభమైనది. అది ఇంకా నడక నేర్చుకుంటున్న దశలో 1962 అక్టోబరు వచ్చింది. మైదానపు దుస్తులతో, గుడ్డబూట్లతో మన జవానులు మంచుకొండలెక్కవలసి వచ్చింది. ఆ యుద్ధంలో తుపాకి కొరత ఎంత ఉన్నదో జ్ఞానం కొరత కూడా అంతే ఉన్నది. పన్నెండువేల అడుగుల ఎత్తున మనిషి ఊపిరితిత్తులకు ఏమవుతుంది, ఎన్ని దినాలు అలవాటుపడిన తరువాత బరువు మోయవచ్చు, ఏ ఆహారం జీర్ణమవుతుంది అనే ప్రశ్నలకు సమాధానాలు యుద్ధం వచ్చిన తరువాత వెదకుకోవలసి వచ్చింది. మైసూరులోని ఆహార పరిశోధనశాల, ఢిల్లీలోని శరీరధర్మ పరిశోధనశాల ఆ ప్రశ్నలను చేపట్టాయి. కాంతికణాన్ని గూర్చి ప్రశ్నించిన ఆచార్యుడు కంబళిని గూర్చి, కవచాన్ని గూర్చి కూడా ప్రశ్నించగలిగినాడంటే, ప్రశ్నించడమనే అలవాటు ఒక్కటే గనుక. విషయం మారవచ్చు, అలవాటు మారదు. ఆ అలవాటు నలభైయేండ్లు దాటిన తరువాత కొత్తగా అబ్బేది కాదు. మొక్కై వంగనిది మానై వంగునా?

ఎరువూ విషమూ

ఇక్కడ ఆలోచనాపరులైన ఉపాధ్యాయులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. శాస్త్రాన్ని సేనతో ముడిపెట్టి పిల్లలకు చెప్పడం ధర్మమేనా? విజ్ఞానం ప్రాణం పోయడానికి కాని ప్రాణం తీయడానికా? ఈ అభ్యంతరాన్ని త్రోసిపుచ్చడం సాధ్యం కాదు. కారేపల్లి పత్తిచేలో చల్లే యూరియాను తీసుకొంటే చాలు. గాలిలోని నత్రజనిని బంధించి అమ్మోనియాగా మార్చే పద్ధతిని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ 1909లో కనుగొన్నాడు. నేడు ప్రపంచంలోని అన్నం ముద్దలో చాలా భాగం ఆ పద్ధతి పుణ్యమే. ఆ అమ్మోనియా నుంచే ప్రేలుడు పదార్థాలు కూడా తయారవుతాయి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ అన్నేండ్లు నిలువగలగడానికి అది ఒక కారణం. అదే హేబర్ 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద క్లోరిన్ విషవాయువును శత్రుసేనపై విడిపించాడు. ఒకే మేధ పొలానికి ఎరువునిచ్చింది; కందకానికి విషాన్నిచ్చింది.

ఇల్లందు గనులలో బొగ్గుపొరను పగులగొట్టే ప్రేలుడు మందుకూ, యుద్ధరంగంలోని గుండులో కూరే మందుకూ రసాయన బంధుత్వమున్నది. కాని గనిలో వాడే మందు తయారుచేసేవారు, గనివాయువు అంటుకొని కార్మికులు మరణించకుండా, మంటను చల్లార్చే లవణాలను అందులో కలుపుతారు. ఈ లవణం కలపడమే నాగరకత. శాస్త్రాన్ని బోధించేటప్పుడు ఈ రెండవ పాఠాన్ని వదలిపెట్టరాదు. హేబర్ కథ చెప్పకుండా అమ్మోనియా సూత్రం మాత్రమే వల్లెవేయించిన ఉపాధ్యాయుడు సగం పాఠమే చెప్పినట్లు. అయితే విషవాయువు చేసినవాడు ఉన్నాడు గనుక రసాయన శాస్త్రమే వద్దనడం, గండ్రగొడ్డలితో తల నరికినవాడున్నాడు గనుక కట్టెలు కొట్టడం మానుకొమ్మన్నట్లే. శాస్త్రం తెలియని జాతికి అహింస వ్రతం కాదు, గత్యంతరం లేకపోవడం.

తిరిగి రావలసిన ఫలం

అభ్యంతరం చెప్పేవారి మాటలో మరొక భాగం ఇంకా బలమైనది. పేదదేశం రక్షణ పరిశోధనకు వెచ్చించే ధనం ప్రజలదే గదా, దాని ఫలం ప్రజలకు అందుతున్నదా? ఈ ప్రశ్నకు ఒక మంచి సమాధానమూ, ఒక చెడ్డ సమాధానమూ ఉన్నాయి.

మంచి సమాధానం: అందిన సందర్భాలు ఉన్నాయి. 1989 మే 22న చాందీపూర్‌లో అగ్ని క్షిపణి తొలిసారి ఎగిరింది. వాతావరణంలోకి తిరిగి ప్రవేశించేటప్పుడు కలిగే ప్రచండమైన వేడికి కాలిపోకుండా దాని ముక్కును కాపాడినది తేలికైన కర్బన మిశ్రపదార్థం. హైదరాబాదులోని ఆ పరిశోధనశాలను చూడవచ్చిన నిమ్స్ వైద్యుడొకరు ఆ పదార్థపు తేలికదనాన్ని చూచి, పోలియో సోకిన పిల్లల కాళ్లకు కట్టే ఊతలు దీనితో చేయవచ్చునా అని అడిగారు. మూడు కిలోలకు పైబడిన ఇనుప ఊతల స్థానంలో సుమారు 300 గ్రాముల ఊతలు తయారైనవి. అబ్దుల్ కలాం గారు తమ జీవితంలో కలిగిన గొప్ప ఆనందాలలో ఒకటిగా దీనిని చెప్పుకొనేవారు. హిమశిఖరాలపై కాపలా కాసే సైనికుల మలాన్ని చలిలో కూడా కుళ్లబెట్టే సూక్ష్మజీవులను పెంచే విద్య గ్వాలియరు, తేజ్‌పూర్ రక్షణ పరిశోధనశాలలలో పుట్టి, నేడు రైలుపెట్టెల క్రింద అమర్చిన మరుగుదొడ్డి తొట్లలోకి వచ్చింది. అయిదు వస్తువులలో చివరిదైన రైలుపెట్టె చెప్పే పాఠమిది. పట్టాలపై మలం పడనీయని ఆ తొట్టి, ఆ పట్టాలను చేతులతో శుభ్రం చేయవలసి వచ్చిన మానవుల పట్ల సమాజం చేసిన అపరాధానికి కొంత పరిహారం.

చెడ్డ సమాధానం: ఇవి జరిగినవి చాలవరకు యాదృచ్ఛికంగా జరిగినవి. ఆ వైద్యుడు ఆ దినం పరిశోధనశాలకు రాకపోతే? కవచం కూర్పు రహస్యంగా ఉండవలసినదే. అందులో వాదం లేదు. కాని దోమను దూరంగా ఉంచే లేపనం రహస్యంగా ఉండవలసిన పని లేదు. గ్వాలియరులో సైనికులకోసం ‘డీపా’ అనే లేపనాన్ని రూపొందించారు. అడవి సరిహద్దున కాపలా కాసే జవానుకూ, అదే అడవిలో తునికాకు కోసే కోయస్త్రీకీ దోమ భేదం చూపదు. దోమ చూపని భేదాన్ని ప్రభుత్వాలు చూపరాదు. సేనకోసం కనుగొన్నదానిలో రహస్యం కానిదంతా, నిర్ణీతమైన పద్ధతిలో, ప్రజావైద్యశాలకూ, గ్రామానికీ, బడికీ చేరవలెను. అదృష్టంపై ఆధారపడిన ఉపకారం ఉపకారమే. కాని విధానం కాదు.

బడి చేయవలసిన పని

చివరికి అన్ని దారులూ బడికే వస్తాయి. నేడు ఎన్నో పాఠశాలలలో విజ్ఞానశాస్త్రం కంఠస్థం చేసే విద్యగా మిగిలిపోయింది. ప్రయోగశాల ఉన్నచోట దానికి తాళం ఉంటుంది. తాళం లేనిచోట పరికరాలు ఉండవు. పరీక్షలో సూక్ష్మదర్శిని బొమ్మ గీచి భాగాలు గుర్తించిన విద్యార్థి, ఆ యంత్రంలో కన్ను పెట్టి చూడకుండానే ఉత్తీర్ణుడవుతాడు. ఇట్టి విద్య నుంచి రాస్ రాడు, సుబ్బారావు రాడు, భగవంతం రాడు.

ధనం లేదనే సాకు కొంతవరకే చెల్లుతుంది. కారేపల్లి వంటి ఊరిలో బడి చుట్టూ ఉన్నదే ప్రయోగశాల. బడి వెనుక నిలిచిన నీటిలో దోమపిల్లలు ఉంటాయి. మలేరియాను మోసే అనాఫిలిస్ జాతి పిల్ల నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకొని ఉంటుంది; క్యూలెక్స్ జాతి పిల్ల తల క్రిందికి వేలాడుతూ ఉంటుంది. ఈ తేడా గుర్తించడానికి ఒక గాజు గ్లాసు, ఒక భూతద్దం చాలు. ఒక వర్షాకాలం పొడవునా ఏ గుంటలో ఏ జాతి ఉన్నదో పిల్లలు పటం గీచి, తేదీలు వేసి వ్రాసి ఉంచితే, అది విలియం కింగ్ గీచిన పటానికి తమ్ముడే అవుతుంది. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తకు కూడా అది ఉపకరిస్తుంది. ఇనుపరాతి పొడిపై అయస్కాంతం త్రిప్పి చూపవచ్చు. బొగ్గుముక్కను, కట్టెబొగ్గును సమాన తూకంలో కాల్చి, ఏది ఎంత నీటిని ఎంత సేపటిలో కాచిందో కొలవవచ్చు. వచ్చిన అంకెలను సగటు కట్టి, ఎందుకు తేడాలు వచ్చాయో చర్చించవచ్చు. రాధాకృష్ణారావు గారి గణితానికి మొదటి మెట్టు అదే.

తెలుగు బోధించే ఉపాధ్యాయునికి కూడా ఇందులో బాధ్యత ఉన్నది. కోనసముద్రపు కమ్మరి విద్య అక్షరంలోకి రాకపోవడం వలన నశించింది. చూచినదాన్ని చూచినట్లుగా, తనకు తెలిసిన మాటలలో, ఎక్కువ తక్కువలు లేకుండా వ్రాయగలగడం భాషా బోధనలో భాగం. వేమనను వ్యాఖ్యానించడం నేర్పినట్లే, దోమపిల్ల నడకను వర్ణించడం కూడా నేర్పవలెను. తండా పిల్లవాడు తన ఇంటిభాషలో, కోయపిల్ల తన ఇంటిభాషలో ఆ వస్తువుకు ఏ పేరున్నదో చెప్పనిచ్చి, తరువాత తెలుగు పేరు, ఆ తరువాతనే శాస్త్రీయ నామం చెప్పడం ఉత్తమమైన మార్గం. మాట తెలిసిన తరువాత వస్తువును చూచేవాడు ఒక్కసారే చూస్తాడు. వస్తువును చూచి మాటకోసం వెదకేవాడు పదిసార్లు చూస్తాడు.

ఇలా నేర్చుకున్న పిల్లలందరూ రక్షణ పరిశోధనశాలలకు పోవలెనని కాదు. వందమందిలో ఒకడు పోవచ్చు. తక్కిన తొంభైతొమ్మిదిమంది రైతులు, ఉపాధ్యాయులు, గనికార్మికులు, నర్సులు, రైలుగార్డులు అవుతారు. కాని ప్రశ్నించడం తెలిసిన తొంభైతొమ్మిదిమంది నడుమనే ఆ ఒక్కడు మొలకెత్తుతాడు. ఆ తొంభైతొమ్మిదిమందికి మరొక శక్తి కూడా ఉంటుంది. తమ పేరిట జరుగుతున్న పరిశోధన ఎందుకు జరుగుతున్నదో, దాని ఫలం ఎక్కడికి పోతున్నదో, గనిమందులో కలిపిన లవణం యుద్ధమందులో కూడా ఉన్నదో లేదో వారు అడగగలరు. ఆ ప్రశ్న అడగగల ప్రజలున్న దేశపు సేన కేవలం బలమైన సేన మాత్రమే కాదు, ధర్మమైన సేన.

రథాన్ని రాజు చేయించేవాడు. గజాన్ని అడవి ఇచ్చేది. తురగం విదేశం నుంచి ఓడలో దిగేది. పదాతిని పల్లె పంపేది. ఐదవ అంగాన్ని ఇవ్వగలది బడి ఒక్కటే. అందులో ప్రయోగశాలకు వేసిన తాళాన్ని తీయడం దేశరక్షణలో మొదటి పని.